వజ్దీ కిటికీ

మా కైరో సందులో రంజాన్ రాత్రుల్లో డప్పు కొట్టి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, తెల్లవారకముందు తినే సహరీ భోజనానికి లేపేది నేనే. పేరు వినగానే వాళ్లు లైటు వేస్తారు. అదే నాకు జవాబు.

ఈసారి మూడో అంతస్తు కుర్రాడు వజ్దీ ఉండే మేడ కింద మఫ్టీ పోలీసొకడు అడ్డం నిలబడ్డాడు.

"ముసలమ్మా, మూడో అంతస్తు పేరు పిలవకు. దేశ భద్రత విషయం."

"గోడ మీద నాలుగు మాటలు రాశాడు, అంతేగా బాబూ! మా వజ్దీని పట్టుకెళ్లి ఎక్కడ పెట్టారు?"

"ఏ వజ్దీ? అలాంటివాడు ఇక్కడ ఎప్పుడూ లేడు. ఆ ఇంటికి సీలు వేశాం, కరెంటు పీకేశాం. నోరు మూసుకుని ముందుకు నడువు."

వజ్దీకి ఉపవాసం ఉండే వయసు వచ్చినప్పటినుంచీ ఆ పేరు పిలుస్తున్నాను. ఈ రాత్రి దాన్ని మింగేస్తే, రేపు ఎవరి పేరు మింగమంటారో! ఒళ్లు మండిపోయింది. డప్పు మీద గట్టిగా ఒక్కటి వేశాను.

"వజ్దీ! లేవరా నాన్నా, సహరీ వేళయింది!"

రోజూ నా వెంటపడి మొరిగే కుక్క కూడా మెదలలేదు.

మూడో అంతస్తులో, సీలు వేసిన ఇంటి కిటికీలో, లైటు వెలిగింది.

పోలీసు వెనక్కి తగ్గి గోడకు ఆనుకున్నాడు.

"లోపల... ఎవరది?"

నాకూ తెలియదు. అయినా డప్పు దించలేదు.

"ఎవరూ లేరన్నది నువ్వేగా బాబూ. పైకెళ్లి ఆ మాట వాడికే చెప్పు."