చెప్పుల లెక్కకు రానివి

“ఆఁ, కరీంనగర్‌ల దుకాణం కాడికెల్లి మొదలువెట్టు బిడ్డా. నేను నా తీరుగ మెల్లగ చెప్త. నువ్వు సదువుకున్నదానివి, పుస్తకంల ఉన్నట్టు రాసుకో. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉండాలె. దిద్దకు.”

ఆ దుకాణానికి నన్ను తీసుకెళ్లింది నీ కూతురు భవ్యశ్రీయే. సెలవు దొరికితే చాలు, ఆ పిల్ల జైనూర్ దాకా పోయి గుట్టల్లో పరుగెత్తి వస్తుంది. వెనక ఎవరూ తరమకుండానే. ఆ పరుగు కోసం కొత్త బూట్లు కొనాలని ఒకరోజు అన్నం దగ్గర మొదలుపెట్టింది.

“ఏసుకున్నా ఏస్కోనట్టే ఉంటయి తాతా. ఉత్త కాళ్లతోని ఉరికినట్టే.”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. నాకు కావలసిన వస్తువు అదే.

సంగతి నీకు తెలిసిందే. షుగర్ ఉన్న కాలు. పైగా ఎండనక, రాయనక ఉత్త కాళ్ల తిరుగుడు. మొన్న ముల్లు దిగి చీము పడితే డాక్టరు కోసి కట్టు కట్టాడు. కట్టు విప్పిన రోజు మనందరి ముందే చెప్పాడు, ఇంకొక్క ముల్లు దిగితే వేలు తీసేయాల్సి వస్తుందని. కాలికి ఏదో ఒకటి తొడగాలన్నాడు. చెప్పులు తొడిగేది మాత్రం లేదు. మాటంటే మాటే. వేలు పోయినా సరే, మాట పోకూడదట.

బయలుదేరే ముందు మన నేత సాంచాల షెడ్డు గడప దగ్గరికి వెళ్లాను. అక్కడ సిమెంటులో ఒక అడుగు గుర్తు ఉంది కదా, పచ్చిగా ఉన్నప్పుడు పడ్డది. దాని మీద నూలుపోగు పరిచి, కొలతకు ముడి వేశాను. ఒక తుమ్మముల్లు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. హుస్నాబాద్‌లో బస్సెక్కాం.

దుకాణంలో అరుణ్‌కుమార్ అనే అతను అమ్ముతున్నాడు. మొదట ఇంత మందం అడుగున్న బూటు తెచ్చి ముందు పెట్టాడు.

“గిది సోఫా గదరా. దీని మీద కూసోవాల్నా, నడువాల్నా?”

“తాతకు పల్చటివి చూపియ్యన్నా,” అంది భవ్య.

ఈసారి తెచ్చిన బూటును రొట్టె చుట్టినట్టు చుట్టి చూపించాడు. “మడిమ కింద ఎత్తు ఉండది తాతా. ముందట ఎడల్పు, వేళ్లు మంచిగ పరుసుకుంటయి. కాలికి నేల తెలుస్తది.”

“నేల తెలుసుడుకు బూట్లెందుకురా? ఇడిసి నడిస్తే తెల్వదా?”

“గదే ఇప్పుడు ఫ్యాషన్ తాతా.”

“గట్లయితే మా తాత ముత్తాతలందరు ఫ్యాషన్ చేసిండ్రు పో.”

జేబులోంచి ముల్లు తీసి బూటు అడుగున గుచ్చాను. అది ఎంత సులువుగా దిగిందో అరుణ్‌కుమార్‌కు వెంటనే తెలిసింది. బూటు లోపల ఉన్నది అతని చెయ్యే.

“నిజమే. ఏస్కోనట్టే ఉన్నది,” అన్నాను.

అతను వేలు నోట్లో పెట్టుకునే లోపలికి వెళ్లి మూడో జత తెచ్చాడు. అడుగు పల్చనే, కానీ మధ్యలో ఏదో గట్టి పొర ఉందట. గుచ్చాను. ముల్లు కొన విరిగింది. మనసులో ఒక బరువు దిగింది. కానీ పని సగమే అయింది.

“గిప్పుడు నిజం చెప్పు. గివి చెప్పులా, కాదా?”

“బూట్లు తాతా.”

“బూట్లయితే నాకొద్దు.” లేచి నిలబడ్డాను.

“కూసో తాతా, కూసో. పేరుకే బూట్లు. ఏసుకున్నా ఏస్కోనట్టే లెక్క.”

“రేపు నలుగురిట్ల నిలవెట్టి అడిగితే?”

“చెప్పుల లెక్కకు రావు.”

“నీ పిల్లల మీద ఒట్టు?”

“నాకింక పెండ్లి కాలే తాతా.” అతను కొంచెం కంగారుపడ్డాడు. “ఏమన్న మొక్కా ఏంది?”

“మొక్కయితే దేవుని కాళ్లు పట్టుకోని బతిమాలుకుందును. ఆయనకు దయ ఉంటది. గిది మనుషుల ముచ్చట.”

భవ్య అటు తిరిగి ఫోన్ చూస్తున్నట్టు నటించింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పోగు ఇచ్చి కొలవమన్నాను. అతను కొలిచి, నా కాలు చూసి, మళ్లీ కొలిచాడు.

“తాతా, మీ కాలు ఏడో నంబర్ దాటది. పోగు తొమ్మిది చూపెడ్తుంది.”

“తొమ్మిదే కట్టు.”

“ఊడిపోతయి తాతా. పాత కొలత కావచ్చు. వయసు మీద పడ్డంక కాళ్లు గుంజుకపోతయేమో.”

“కాళ్లు గుంజుకపోయినా నాలిక గుంజుకపోలే. కట్టు.”

రంగులు చూపించాడు. ఎరుపు, ఆకుపచ్చ, ఇంకేదో మెరిసేది. మట్టిరంగు ఏరుకున్నాను. దూరం నుంచి చూస్తే ఉత్త కాళ్లే అనుకోవాలి. ధర భవ్య చెవిలో చెప్పమన్నాను. నేను వింటే కొనలేను. పెట్టె మీద బూటు బొమ్మ ఉంటే పెట్టె అక్కడే వదిలేసి, చేతిసంచిలో వేయించుకొని వచ్చాను.

“ఇగ రాసింది సాలు బిడ్డా, గీ కాయిదం, గా సంచి తీస్కోని చొప్పదండికి పోయి మీ మేనమామ రామచంద్రానికి సదివి వినిపియ్యి: పేక పత్తాలాటల నాతోని లొల్లివెట్టుకోని, ‘మా బావ సచ్చినంకనే కాళ్లకు చెప్పులు తొడుగుత’ అని ఒట్టేసి నా పచ్చి సిమెంటు తొక్కుకుంట పోయిండు గదా, గివి చెప్పుల లెక్కకు రావట, నాకేమో ఇప్పట్ల సచ్చే ఆలోచన లేదు.”