సత్రం సొంతదారు

కొత్తచెరువులో కన్యకమ్మ ట్రస్టు సత్రానికి బాలసుబ్రహ్మణ్యం మేనేజరుగా వచ్చి నెల కూడా కాలేదు.

అది ఎనభై మూడు ఎండాకాలం. ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. సత్రం బావిలో మాత్రం నీళ్లున్నాయి. అవి పుట్టపర్తి పోయే యాత్రికులకే అని అతను పెరటి గేటుకు తాళం వేయించాడు.

ట్రస్టు పెట్టిన కన్యకమ్మ ఆ రోజు బళ్లారి నుంచి వస్తుందని కబురొచ్చింది. ఆమెను అతనెప్పుడూ చూడలేదు. తోడుకుని రమ్మని కాపలా పుల్లన్నను పొద్దున్నే బస్టాండుకు పంపాడు.

పుల్లన్న అటు పోయాడో లేదో, నెరిసిన జుట్టు ముసలామె ఒకతె నేరుగా లోపలికి వచ్చింది.

"బాయికి బీగమెందుకేసినావప్పా?"

గొంతులో బెదురు లేదు. చూపులో మొహమాటం లేదు. ఈమే కన్యకమ్మ అనుకున్నాడు బాలసుబ్రహ్మణ్యం. చేతులు కట్టుకుని, ట్రస్టు ఆస్తిని భద్రంగా చూసుకోవాలి గదమ్మా అన్నాడు.

"ఎవురి కోసరం?"

అతను పోయి తాళం తీశాడు.

ఆమె వీధిలోకి ఒక్క కేక వేసింది. బిందెలు బిలబిలమంటూ వచ్చేశాయి. బావి గిలకకు ఊపిరాడలేదు.

అతను మజ్జిగ తెచ్చిస్తే తాగి, ఉప్పు చాల్లేదంది. యాత్రికులకు వండిన చిత్రాన్నం మిగులుతోందని తెలిసి, దారిన పోయే కూలోళ్లను పిలిచి పెట్టమంది. అన్నిటికీ అతను అట్లేనమ్మా అన్నాడు. మధ్యాహ్నానికి సత్రం పెళ్లిల్లయింది.

చివరికి తనూ ఒక బిందె నింపుకుని చంకనెత్తుకుని వెళ్లిపోయింది. ఇంత పెద్దామెకు ఎంత నిరాడంబరమో అని అతను మురిసిపోయాడు.

సాయంత్రం పుల్లన్న ఇంకొక ముసలామెను వెంటబెట్టుకొచ్చాడు. కన్యకమ్మగారు వీరేనని, బస్సు దారిలో చెడిపోయిందని చెప్పాడు.

బాలసుబ్రహ్మణ్యం పొద్దున వచ్చినామె ఎట్లా ఉందో చెప్పాడు. పుల్లన్నకు నవ్వాగలేదు. ఆమె వెనక వీధి కదిరమ్మ అంట. శెనక్కాయలు ఒలిచే కూలికి పోతుందంట.

కన్యకమ్మ పెరట్లోకి చూసింది. ఆడవాళ్లు నీళ్లు తోడుకుంటూ ఒకరి మీద ఒకరు చిలకరించుకుంటున్నారు.

"పొరబడినానమ్మా" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం తల దించుకుని. "ఆమెనే ఈ సత్రానికి సొంతదారు అనుకుంటి."

కన్యకమ్మ నవ్వింది.

"ఇచ్చేసినాక ఇది నాదెట్లయితాదప్పా? నువ్వేం పొరబడలే, ఆమెనే సొంతదారు."