ఛాతీ ఎత్తున గీత

"ఏయ్! ఎవలయ్యా నువ్వు? ఆ చెట్టును పట్టుకొని ఏం జేస్తున్నవ్?"

ఎంకమ్మ కేకకు కానుగ తోపులో ఉన్న మనిషి ఉలిక్కిపడ్డాడు.

బట్టతల, లావు కళ్ళద్దాలు, దుమ్ము కొట్టుకుపోయిన చొక్కా. ఛాతీని చెట్టుకు ఆనించి నిలబడ్డాడు. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో తెల్ల రంగు కుంచె.

"కొలుస్తున్ననమ్మా" అన్నాడు.

అప్పటికే తోపంతా గీసేశాడు. ప్రతి చెట్టుకూ సరిగ్గా ఛాతీ ఎత్తున, చుట్టూ ఒక తెల్ల గీత. చివరి చెట్టొక్కటే మిగిలింది.

ఆ గీత అంటే ఏమిటో ఎంకమ్మకు బాగా తెలుసు. బొంబాయి రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్లకు ఇలాగే గీశారు. వారం తిరక్కుండా అన్నీ మొద్దులయ్యాయి.

ఇప్పుడు పక్కనున్న మందుల కంపెనీ ఈ తోపు మీద కన్నేసింది. చెట్లు కొట్టేసి, తన ఖరాబు నీళ్ళకు గుంత తవ్వుకుంటుందట. ఊరి బావులు ఎప్పుడో చెడిపోయాయి. తాగే నీళ్ళు ట్యాంకర్లో వస్తున్నాయి. ఇక ఊరికీ ఆ పొగకూ మధ్య అడ్డం ఉన్నది ఈ తోపొక్కటే.

"కంపెనోడు పంపిండా నిన్ను?"

"కాదమ్మా. ఎంత పెరిగినయో చూద్దామని..."

"పెరిగింది సూసినంకనే గద కొడ్తరు! మేకను గూడ గట్లనే తడిమి సూస్తరు."

ఆ మనిషికి నవ్వు ఆగలేదు. దాంతో ఎంకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నవ్వుతున్నవా? ఈ మొక్కలు ఎవలిచ్చిన్రో ఎరికేనా? పదిహేనేండ్ల కింద లారీ మీద ఒక సారొచ్చిండు. గడ్డి గూడ మొలవని జాగల మొక్కలేంది సారూ అని నవ్వినం. ఆ సారు ఛాతీ మీద చెయ్యి వెట్టుకొని, 'ఇంత ఎత్తు దాక పెంచున్రి తల్లీ, ఆ తర్వాత ఎండకు ఆగుతయి, పొగకు గూడ ఆగుతయి' అన్నడు. బిందెలతోని మోసి మోసి పెంచినం. ఆ లారీ సారు ఇప్పుడీడ ఉంటే నీ కాళ్ళిరగ్గొడుతుండె!"

ఆ మనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మళ్ళ రాలేదా ఆ సారు?"

"సర్కారోళ్ళను ఒక్క జాగల ఉండనిస్తరా? ఎన్నూర్లు తిరుగుతుండో పాపం. ఆయన్ను ఒక్క మాటన్నవంటే సూడు మల్ల!"

"అననమ్మా. ఆ గీతలు మాత్రం చెరపకున్రి. అవే..."

మాట పూర్తి కానేలేదు. వెనకనుంచి పొరుగింటి బీరమ్మ వచ్చి రంగు డబ్బా గుంజుకుంది. పొలాల్లోంచి ఇంకో పదిమంది ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. తలెత్తి చెట్లన్నిటినీ ఒకసారి కళ్ళారా చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"పిచ్చోడే" అంది బీరమ్మ.

ఆ సాయంత్రమే ప్రతి గీత మీదా మట్టి మెత్తేశారు. గీత కనపడకపోతే ఏ చెట్టు కొట్టాలో తెలియక తిప్పలు పడతారని వాళ్ళ తెలివి.

వారం తర్వాత రంపాలతో లారీ దిగింది. ముందు కారులో కంపెనీ మేనేజరు, వెనక జీపులో అటవీ శాఖ రేంజరు.

ఆడవాళ్ళంతా తోపుకు అడ్డం నిలబడ్డారు.

"ఆగండమ్మా, నేనూ ఈ చెట్ల కోసమే వచ్చాను" అన్నాడు రేంజరు. "ఈ తోపు మీద పరిశోధన జరిగింది. తెల్ల గీత ఉన్న చెట్టు జోలికి ఎవరూ పోవద్దని పైనుంచి ఆర్డరొచ్చింది. ఆ గీతలేవి?"

ఎంకమ్మ మట్టి మెత్తిన చెట్ల వైపు చూసింది.

"ఒక్కటీ లేదు కదా సార్!" అన్నాడు మేనేజరు. "అది వేరే తోపేదో అయి ఉంటుంది. ఊఁ, కానియ్యండిరా."

లారీలోంచి రంపాలు దిగాయి.

"బీరమ్మా! నీళ్ళు! జల్దీ నీళ్ళు వట్టుకరాయే!" ఎంకమ్మ అరిచింది.

"బావి నీళ్ళా?"

"బావికి పోయొచ్చెదాక ఆగుతరానే వీళ్ళు? ట్యాంకర్ నీళ్ళు తే!"

"అయ్యో, తాగేటియే అవి!"

"ఒక్కనాడు దూపకు సావం గని, తేవే!"

ట్యాంకరు దగ్గర నింపుకున్న బిందెలన్నీ తోపు వైపు తిరిగాయి. ఆడవాళ్ళు మట్టి మెత్తిన చోట నీళ్ళు గుమ్మరించి, కొంగుతో రుద్దారు.

మట్టి కరిగి జారింది. కింద రంగు చెక్కు చెదరలేదు.

"ఇగో సారూ, గీత!"

"ఈడొకటి!"

"నా చెట్టుకు సూడున్రి, ఎట్ల మెరుస్తుందో!"

తోపంతా తెల్ల గీతలు తేలాయి. తడిసిన చీరలతో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, కేకలు పెట్టారు. మేనేజరు ఒక గీతను గోటితో గీకి చూశాడు. అది ఊడలేదు. ఆయన కారెక్కాడు. రంపాల లారీ కారు వెంటే పోయింది.

రేంజరు పడీ పడీ నవ్వాడు.

"సారూ, ఈ ఒక్క చెట్టుకు గియ్యనే లేదు" అంది ఎంకమ్మ దిగులుగా.

"మీరే గీయండి. ఈ గీతలు గీసిన సాదుల్లా గారైతే వద్దనరు."

బీరమ్మ గుంజుకున్న డబ్బా ఇంట్లోంచి వచ్చింది. ఎంకమ్మ ఛాతీని చెట్టుకు ఆనించి, అచ్చం ఆయనలాగే కుంచె తిప్పింది.

"ఆయన పేరు సాదుల్లానా? ఎన్నెన్ని మాటలన్ననో! మల్ల ఎప్పుడొస్తడు సారూ?"

"ఇక రారమ్మా, మొన్ననే రిటైరయ్యారు. ఎండలు ముదిరినా, వానలు తప్పినా, ఈ పొగలో ఏ చెట్టు నిలుస్తుందా అని ముప్పై ఏళ్ళు పరిశోధన చేశారు. ఇక్కడేదీ బతకదని శాఖలో పెద్దవాళ్ళంతా కొట్టిపారేశారట. మీ తోపు కొలతలు వాళ్ళ ముందు పెట్టి గెలిచారు. ఇప్పుడు ప్రతి ఫ్యాక్టరీ చుట్టూ ఈ కానుగే నాటమంటున్నారు."

ఎంకమ్మ కుంచె దించి, తడి గీతను మురిపెంగా చూసుకుంది.

"మా లారీ సారు ఈ ముచ్చట ఇంటే ఎంత సంబురపడుతుండెనో!"

రేంజరు ఆమె వైపు వింతగా చూశాడు.

"పదిహేనేళ్ళ కింద ఈ మొక్కల్ని లారీలో తెచ్చి మీ చేతికిచ్చింది ఆయనే కదమ్మా, మొన్న గుర్తుపట్టలేదా?"