దొరికిన గొడుగు

అరెస్టుల వార్త ఒక్కటీ వేయనివ్వడు, మా పత్రికాఫీసులోనే కుర్చీ వేసుకు కూర్చున్న సెన్సారు ఆఫీసరు. మేమూ తక్కువ తినలేదు. మాలో ఒకణ్ణి పట్టుకెళ్లినప్పుడల్లా ‘పోయినవి–దొరికినవి’ ప్రకటనల్లో ఓ గొడుగు పోయిందని వేసేవాళ్లం.

మా పొడుగు రిపోర్టరును తీసుకెళ్లిన రోజు నేనే రాశాను: “నల్ల గొడుగు పోయినది. ఆరడుగులుంటుంది. ఒకసారి తెరుచుకుంటే ఓ పట్టాన మూసుకోదు. ఆఖరుసారి జీపులో కనిపించింది.”

ఎవరి సంగతో అర్థమై ఊరంతా పడీపడీ నవ్వింది. అచ్చుకు ముందు ఆఫీసరు మాత్రం, “ఏం జనమయ్యా, గొడుగు మీద ధ్యాసే ఉండదు” అని విసుక్కుంటూ ముద్ర వేశాడు.

నెల తిరక్కుండానే రిపోర్టరు వాళ్లమ్మ ఆఫీసుకొచ్చింది.

“బాబూ, ‘దొరికినవి’లో వేయాలి.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ శీర్షిక కింద మేం ఇంతవరకూ ఒక్క గొడుగూ వేయలేదు.

“దొరికిందా అమ్మా!” అని కేకేశాను.

ఆఫీసరు తలెత్తి చూశాడు. ఆవిడ గొంతు వణకలేదు.

“రాసుకో నాయనా. నల్ల గొడుగు దొరికినది. పొద్దున పెద్ద గేటు దగ్గర అప్పగించారు. ఊచలన్నీ విరిగిపోయాయి. ఇక తెరుచుకోదు. తమదే అనుకునేవాళ్లందరూ రేపు మధ్యాహ్నంలోపు మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు.”

ఎలా రాశానో నాకే తెలియదు. కాగితం ఆఫీసరు ముందు పెట్టాను.

“విరిగిన గొడుగు కోసం ఎవరొస్తారమ్మా!” అని నవ్వుతూ ముద్ర వేశాడు.

ముద్ర పడ్డాక, అప్పుడు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.