పుట్టుకతోనే చెడ్డోళ్ళు

"ఓర్కుకు ఇల్లెందుకు హుస్నా? పిల్లలెందుకు? చంపేతందుకే గదా పెట్టేది!" అన్నాడు సంపత్, తెర మీది గుడిసెను వేలితో పొడుస్తూ.

"చంపేముందు ఒక్కసారి ఆలోచించాలె గద అన్నా. అందుకే పెట్టిన."

కరీంనగర్‌లో మూడో అంతస్తులో రెండు గదుల ఆఫీసు అది. కంప్యూటర్ ఆటలు తయారుచేస్తారు. యజమాని సంపత్. కథా, బొమ్మలూ హుస్నావి. ఇలాంటి ఆటల్లో ఓర్కులంటే కోరల రాక్షస జాతి. వీరుడు గుహలోకి దూరి వాళ్ళను నరుక్కుంటూ పోవాలి, ఆడేవాడు ఈలలు వేయాలి. ఏళ్ళ తరబడి అదే తంతు. ఆ తంతంటే హుస్నాకు ఒళ్ళుమంట. జాతి జాతంతా పుట్టుకతోనే చెడ్డదెలా అవుతుందని పంతం పట్టి, పదకొండు నెలలు కూర్చుని ఓర్కులకో గని తవ్వింది. గని లోపల ఊరు కట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళనూ పిల్లలనూ పెట్టింది. ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఆటను కొన్నవాళ్ళకు పంపించెయ్యాలి. ఆ ఊరు ఉంటుందో పోతుందో ఈలోపే తేలాలి.

"ఒక పని చేద్దాం" అన్నాడు సంపత్. "జన్మల ఇసొంటి ఆట ఆడనోన్ని కూసోబెడదాం. ఓర్కులు మంచోళ్ళంటే నీ ఊరు ఉంటది. చెడ్డోళ్ళంటే నీ చేత్తోనే తీసెయ్యాలె."

"సరే. కానీ ఎవరు ఎట్లుంటరో ముందుగాల చెప్పొద్దు. చూసి తనే చెప్పాలె." తను కట్టిన ఊరి మీద హుస్నాకు అంత ధీమా.

కింద గేటు దగ్గర కాపలా ఉండే మొగిలిని పిలిచారు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో పని చేసి రిటైరైన మనిషి. ఎప్పుడో బొగ్గు పెళ్ళ తగిలిన చోట చెంప మీద నీలిమచ్చ అలాగే ఉండిపోయింది.

"ఓర్కంటే ఏంది సార్?" అన్నాడు కుర్చీ అంచున కూర్చుంటూ.

సంపత్ ఆ అవకాశం వదులుతాడా! "దయాదాక్షిణ్యం లేని జాతి మొగిలన్నా. పిలవకుండ మంది ఇండ్లల్ల దూరుతరు. దొరికింది దోచుకుంటరు. అడ్డమొచ్చినోన్ని చంపుతరు. పుట్టుకతోనే చెడ్డోళ్ళు."

"అన్నా! చెప్పొద్దన్న గద!"

"ఎట్లుంటరో చెప్పలే. గుణం చెప్పిన, అంతే" అని సంపత్ నవ్వాడు.

హుస్నా పళ్ళు నూరుకుని, ఆట మీట మొగిలి చేతికిచ్చింది. "గీ పుల్ల తిప్పితే బొమ్మ నడుస్తది కాకా. గీ బటన్ నొక్కితే కత్తి లేస్తది."

తెర మీద బంగారు కవచం తొడుక్కున్న వీరుడు మెరిసిపోతూ గని ముందు నిలబడ్డాడు. మొగిలి పుల్ల తిప్పాడు. లోపల చీకటి. ఆ చీకట్లోంచి నెత్తిన దీపాలతో, చేతుల్లో గడ్డపారలతో ఓర్కులు వరసగా బయటికొచ్చారు. పచ్చటి ఒళ్ళు, పొడుచుకొచ్చిన కోరలు, వాటి మీద ఇంత మందాన దుమ్ము. మొగిలి వెన్ను నిటారైంది. చెయ్యి దానంతటదే చెంప మీది మచ్చ మీదికి పోయింది.

"భయపడ్డడు" అని సంపత్ గుసగుసలాడాడు.

ఆట ముందుకు సాగింది. ఊళ్ళో మొదటి ఇల్లు రాగానే వీరుడు తలుపు తన్నాడు. దానికి ఏ బటనూ నొక్కనక్కర్లేదు, ఆటలోనే అలా ఉంది. మూలనున్న పెట్టె తెరిచి నగలు సంచిలో వేసుకున్నాడు. ఓ ఓర్కు తల్లి పిల్లను కొంగు చాటుకు లాక్కుంది. ముసలి ఓర్కు ఒకడు గడ్డపార ఎత్తి అడ్డం వచ్చాడు. కంగారులో మొగిలి వేలు బటన్ మీద పడింది. కత్తి లేచింది. ముసలాడు కుప్పకూలాడు.

చెయ్యి కాలినట్టు మొగిలి మీటను బల్ల మీద పడేశాడు. "ఇగ నాతోని గాదు సార్" అన్నాడు.

"చెప్పు మొగిలన్నా, ఓర్కులు మంచోళ్ళా, చెడ్డోళ్ళా?"

"ఇంకా అడుగుడేంది సార్? అచ్చం మీరు చెప్పినట్టే ఉన్నరు. జర్రంత కనికరం లేదు. గసొంటోళ్ళను ఊళ్ళె అడుగు పెట్టనియ్యద్దు."

హుస్నా కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ తల్లిని చూసినవా కాకా? పిల్లను చూసినవా?"

"చూసిన బిడ్డా. చూసినంకనే అంటున్న."

ఇంకేం మిగిలింది! సంపత్ కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు. "నేను చెప్పలే? తీసెయ్యి ఇగ. నాలుగున్నర అయితుంది."

మాటంటే మాటే. హుస్నా పరీక్ష కాగితం ముందుకు లాక్కుంది. ఎవరితో ఆడించినా ఆ కాగితం నింపి సంతకం పెట్టందే ఆటలో గడ్డిపోచ కూడా మార్చకూడదని ఆఫీసు పద్ధతి. పేరు రాసింది. జవాబు రాసింది, 'చెడ్డవాళ్ళు' అన్నచోట అక్షరాలు వంకర పోయాయి. చివరి గడి మిగిలింది: ఆడిన మనిషి ఓర్కును సరిగ్గా గుర్తుపట్టాడా?

"టిక్కు కొట్టెయ్. గా కోరలు చూస్తే తెలుస్తలేదా?" అన్నాడు సంపత్.

"అడగకుండ ఎట్ల కొట్టాలె?" పదకొండు నెలలు ఒక్క గడి కూడా ఊరికే నింపలేదు హుస్నా. ఇవ్వాళ మాత్రం ఎందుకు నింపుతుంది? "కాకా, జర వేలు పెట్టి చూపెట్టు. నువ్వు చెప్పిన ఓర్కు ఏది?"

తెర మీద ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు. పచ్చటి తల్లి, కొంగు చాటున పిల్ల, నేల మీద ముసలాడు, వాళ్ళ మధ్యన మెరుస్తూ వీరుడు. మొగిలి లేచాడు. ఇంకా కోపం తగ్గని అడుగులతో తెర దగ్గరికి నడిచి చెయ్యి చాచాడు.

ఆ వేలు బంగారు కవచం మీద ఆగింది.