జలుబు తెచ్చిన మనిషి

తూవా మళ్ళీ నీలంగా మారింది.

పసిపిల్లల వార్డులో మిషన్ గంట మోగింది. ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు.

"మారెన్, కాస్త వెనక్కి జరుగమ్మా," అంటూ పెద్ద నర్సు బెరిత్ ఇంక్యుబేటర్‌లోకి చేతులు పెట్టింది.

మారెన్ గోడకి అతుక్కుపోయింది. పక్కన ఆమె భర్త టోర్గేర్ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

తూవా వాళ్ళకి నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. నిన్నటిదాకా బాగానే ఉంది. పాలు కూడా అరుగుతున్నాయి.

ఇప్పుడు ఊపిరి అందడం లేదు.

తెరకి అవతలి ఇంక్యుబేటర్ ఖాళీగా ఉంది. అక్కడి బిడ్డ ఆక్సెల్‌కి ముందురోజే ఇలా మొదలైంది. ఈ పొద్దున పోయాడు.

వాడి తల్లి రాగ్నా ఆ ఖాళీ ఇంక్యుబేటర్ దగ్గరే కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

మారెన్‌కి మొదటినుంచీ ఆమె నచ్చలేదు. బయటి దీవుల మనిషి. సొంత పడవ మీద చేపలు పడుతుంది. నలభై దాటాక తొలి కాన్పు. బిడ్డ తండ్రి ఎవరో ఎవరికీ చెప్పలేదు. నోటికి అడ్డూ అదుపూ లేదు.

"నీ మొగుడు పాపకంటే ఎక్కువ ఏడుస్తున్నాడు, అమ్మాయ్. అతన్ని కూడా ఆ అద్దాల పెట్టెలో పెట్టమను," అంది పరిచయమైన రోజే.

టోర్గేర్ నవ్వాడు. మారెన్ నవ్వలేదు.

చాలాసేపటికి తూవా ఒంట్లోకి ఎరుపు తిరిగొచ్చింది.

బెరిత్ తల్లిదండ్రులందర్నీ వార్డు వంటగదిలోకి పిలిచింది.

"ఇది మామూలు జలుబు. మనకైతే ముక్కు కారి తగ్గిపోతుంది. వీళ్ళకి ఊపిరితిత్తులు పూడుకుపోతాయి. పరీక్ష చేస్తే మీలో సగం మందికి ఉన్నట్టు తేలింది. ముందు ఎవరికొచ్చింది?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నింద వెయ్యడానికి అడగట్లేదు. ఏ గదిలో మొదలైందో తెలిస్తే మిగతా పిల్లల్ని కాపాడుకోవచ్చు."

"మా గదిలో. నాకే," అంది రాగ్నా.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"కొన్ని రోజులుగా గొంతు నొప్పి. చెప్తే తగ్గేదాకా లోపలికి రానివ్వరు కదా. అందుకే చెప్పలేదు."

మారెన్ కుర్చీ తోసేసి లేచింది.

"నీ బిడ్డని నువ్వే చంపుకున్నావ్! ఇప్పుడు నా బిడ్డ మీద పడ్డావా?"

"మారెన్... వద్దు," టోర్గేర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకు వద్దు? నువ్వేమైనా దీనికి చుట్టానివా? నీకసలు తల్లి మనసు ఉందా, రాగ్నా?"

రాగ్నా తల దించలేదు.

"తిట్టు, అమ్మాయ్. నాకేం పర్లేదు," అంది.

పక్కనున్నవాళ్ళు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు.

ఆక్సెల్‌ని పూడ్చడానికి దీవికి తీసుకెళ్ళే రోజున రాగ్నాని సాగనంపడానికి వార్డులోంచి ఎవరూ కదల్లేదు. టోర్గేర్ ఒక్కడే రేవు దాకా వెళ్ళొచ్చాడు.

"ఆ మనిషికి సాయం చేశావా?" అంది మారెన్.

"పెట్టె బరువుగా లేదు," అన్నాడతను.

తూవా బతికింది. మంచు కరిగేనాటికి ఇంటికొచ్చింది. ఎండలు వచ్చాక చర్చిలో పాపకి బాప్తిస్మం జరిగింది. ఆ తర్వాత చర్చి పక్క హాల్లో భోజనాలు.

బల్ల దగ్గర మారెన్ తల్లి గొంతు తగ్గించింది.

"పేపర్లో చూశావా? ఆ దీవి మనిషి పోయిందట. వల లాగుతూ నీళ్ళల్లో పడిపోయిందట. ఖాళీ పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది."

మారెన్ పాప గౌను సర్దుతోంది. ఆమె చెయ్యి ఆగింది.

"అక్కడ కూడా ఆమెతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదట. బిడ్డని చంపుకున్న మనిషని."

"నేనైతే జాలిపడను, అమ్మా," అంది మారెన్.

ఎదురుగా కూర్చున్న టోర్గేర్ చేతిలోని ఫోర్కు పళ్ళెంలో పడింది.

అప్పుడే ఎవరో గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించారు. పాప తండ్రి లేచి నాలుగు మాటలు చెప్పే వేళైంది.

"త్వరగా కానివ్వు బావా! కేకు మీద క్రీము కారిపోతోంది!" అరిచాడు మారెన్ తమ్ముడు.

అందరూ నవ్వారు. టోర్గేర్ లేచాడు.

"మా పాప బతికింది," అన్నాడు.

చప్పట్లు కొట్టారు.

"రాగ్నా కొడుకు బతకలేదు."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఈ రోజు ఆమె గొడవెందుకు?" అంది మారెన్, పళ్ళ బిగువున.

"ఆమె జలుబుతో రాలేదు, మారెన్. ఒకరోజు పొద్దున వార్డు వంటగదిలో ఒకడు దాక్కుని దగ్గుతుంటే చూసింది. బయటికి నడవమంది. ఇవాళ మొదటిసారి పాపని గుండెల మీద పడుకోబెడతారు, ఈ ఒక్క పూట వదిలెయ్, రేపే వెళ్ళిపోతానని వాడు బతిమాలాడు. ఆమె జాలిపడింది."

మారెన్ తల్లి చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"రేవులో అడిగాను, నిందంతా ఎందుకు మీదేసుకున్నావని. 'నా ఇంట్లో ఊయల ఎలాగూ ఖాళీ. ఆ పిల్ల ఊయల దగ్గరైనా తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండాలి కదా' అంది."

మారెన్ పాపని గట్టిగా హత్తుకుంది.

"ఎవరు వాడు?" అంది.

టోర్గేర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేనే, మారెన్. తన బిడ్డని చంపినవాణ్ణి ఆమె నీకు మిగిల్చి వెళ్ళింది."