బూరె మీటరులో 312

జులై 14, సోమవారం. పొద్దున్నే మా పిల్లి బూరె షుగరు మీటరు తెరిస్తే చివరి రీడింగు 312. నిన్న దాని షుగరు 140.

"చికెన్ పకోడీ దొంగిలించి తినుంటుందే, అమ్మడూ," అన్నాడు తాతయ్య.

ఇన్సులిన్ పెంచుదామని సిరంజి తీసి ఆగాను. అనవసరంగా పెంచితే దాని ప్రాణం మీదికొస్తుంది. పైగా దానికి చికెన్ పడదు, తింటే ఒళ్లంతా గోక్కుంటుంది. ఇప్పుడేమో హాయిగా నిద్రపోతోంది. చెవి నుంచి చుక్క రక్తం తీసి మళ్లీ చూశాను. 138.

"మరి ఆ 312 ఎవరిది తాతయ్యా?"

తాతయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నా మీటరు మీ అమ్మమ్మ రోజూ చూస్తుందే. కొత్తగూడలో కాజాలు వేడివేడిగా కనిపించాయి."

"అందుకని బూరె మీదికి తోస్తావా?"

"అదైతే అమ్మమ్మకు చెప్పదుగా."

నేనూ చెప్పనని మాటిచ్చాను. రేపు పొద్దున ఆరింటికి, బూరె చెవి కంటే ముందు తాతయ్య వేలు పట్టుకుంటాను.